ప్రాజెక్టు రిపోర్టు మనమే రాసుకుందాం

(అమలాపురంలో జరిగిన మన యువత సమావేశంలో చెప్పిన మాటలివి. ఈ సంచిక కోసం అక్కడక్కడ సరిచేసి ఇస్తున్నాం.)

ఎదురుగా కూర్చున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, మా హాస్టల్లో చదువుకుని వెళ్లి ఇవాళ మమ్మల్ని చూడగానే వెనక వరసలోకి జారుకున్న పిల్లలకూ జోహార్లు. భయపడకండి, ఇవాళ హాజరు పిలవం.

సంస్కృతి గురించి మాట్లాడమంటారేమో అనుకుని సిద్ధమవుతుంటే నిర్వాహకులు ఫోన్ చేశారు. "మేడమ్, పాటలకీ ఆటలకీ వేరే వాళ్లున్నారండి. లోన్లకీ గ్రాంట్లకీ కాగితం ఎలా రాయాలో మీరు చెప్పండి. పిల్లలు ఏజెంట్ల దగ్గర మోసపోతున్నారు" అన్నారు. సరే అన్నాం. మేం, మేం అని అంటున్నామని నవ్వుకోకండి. ఈ చెప్పబోయేది ఒక్కరి తెలివి కాదు. వార్డెను, ట్యూటరు, వంటమ్మ, వాచ్‌మన్, నలుగురం ఆఫీసు గదిలో సాయంత్రాలు కూర్చుని పాత విద్యార్థుల కాగితాలు దిద్దుతూ నేర్చుకున్నది.

ముందు మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా హాస్టల్ ఆడపిల్లలకి చదువుకునే గది ఒకటి, నాలుగు కుట్టు మిషన్లు కావాలని ఒక ట్రస్టుకి రాశాం. 11 పేజీలు రాశాం. అందులో ఏడు పేజీలు ఏకలవ్యుడి దగ్గర్నుంచి మన జాతి పడిన కష్టాలే. రాస్తుంటే మాకే కళ్లనీళ్లు వచ్చాయి. చివరి పేజీలో ఖర్చు దగ్గర ఒకే ఒక్క లైను: "మొత్తం నాలుగు లక్షల రూపాయలు." నెలన్నర తర్వాత జవాబు వచ్చింది. ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు, ఈ నాలుగు లక్షలు దేనికెంత అనేది మీ ప్రతిపాదనలో లేదు, కాబట్టి పరిశీలించలేకపోతున్నాం అని.

కోపం వచ్చింది. మన బాధ వాళ్లకేం తెలుసు అనుకున్నాం. అప్పుడు మా వంటమ్మ పప్పు కడుగుతూ ఒక మాటంది: "నాకిచ్చే ఇండెంట్లో బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎన్ని లీటర్లు అని రాస్తారు కదమ్మా. 'పిల్లలు ఆకలితో ఉన్నారు, వండిపెట్టు' అని రాయరు కదా. మరి వాళ్లకెందుకలా రాశారు?"

బీఈడీ చదివి, ఏళ్ల తరబడి స్టాకు రిజిస్టర్లు రాసిన మాకు ఆ ముక్క తట్టలేదు. ట్రైనింగు కాలేజీలో రోజూ పాఠ్య పథకం రాయించేవారు. ఈ పాఠం దేనికి, పిల్లలకి ఏం వస్తుంది, ఏ బోధనోపకరణాలు వాడతారు, ఎన్ని నిమిషాలు, వచ్చిందో లేదో ఎలా పరీక్షిస్తారు అని. ప్రాజెక్టు రిపోర్టు కూడా అంతేనండి. ప్రశ్నలు అవే, నిమిషాల చోట రూపాయలుంటాయి.

మన వాళ్లకి అర్జీ రాయడం బాగా వచ్చు. సోమవారం గ్రీవెన్సుకి వెళ్లి చూడండి, మన పేటల నుంచి ఎంతమంది వస్తారో. ఇంటి స్థలం, పింఛను, రేషన్ కార్డు. అర్జీలో మన లేమిని చెప్పుకుంటాం, అది మన హక్కు, తప్పు లేదు. కానీ వ్యాపారానికి డబ్బు అడిగేటప్పుడు కూడా అదే అర్జీ పేరు మార్చి ఇస్తున్నాం. "మేము నిరుపేద గిరిజనులము, కావున దయతో మంజూరు చేయగలరు." బ్యాంకు వాళ్లు దీన్ని చదివితే ఏమనుకుంటారు? నిరుపేదైతే కిస్తీ ఎలా కడతాడు అనుకుంటారు. మన పేదరికం వాళ్లకి జాలి పుట్టించదు, భయం పుట్టిస్తుంది. అక్కడ చెప్పాల్సింది మన దగ్గర ఏముందో: చేతిలో ఏ పని ఉంది, ఎవరు కొంటారు, నెలకి ఎంత మిగులుతుంది.

ఇక కొనుక్కొచ్చిన రిపోర్టుల సంగతి. మా పాత విద్యార్థి ఒకతను కోళ్ల ఫారం పెడతానని ఒక ఏజెంటుకి ఎనిమిది వేలు ఇచ్చి రిపోర్టు రాయించాడు. స్పైరల్ బైండింగు, రంగు అట్ట, గ్రాఫులు, చూడ్డానికి దివ్యంగా ఉంది. మేం తిరగేస్తే నాలుగో పేజీలో "400 అడుగుల బోరుబావి, మోటారు: రూ. 1,60,000" అని ఉంది. కుర్రాడి ఊరు రాజోలు అవతల, సముద్రానికి కూతవేటు దూరం. అక్కడ 400 అడుగులు దింపితే ఏమొస్తుంది నాన్నా? ఉప్పునీళ్లు. ఎక్కడో మెట్ట ప్రాంతంలో ఎవరికో రాసిన రిపోర్టు, పేరొక్కటే మార్చాడు. ఇంకో పేజీలో ఊరి పేరు కూడా మార్చడం మర్చిపోయాడు. బ్యాంకులో అది ఎవరూ చూడకముందే మేం చూశాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కుర్రాడు జీవితంలో మళ్లీ ఆ గుమ్మం ఎక్కేవాడు కాదు.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అదే పీఎంఈజీపీ, దానికి దరఖాస్తు ఆన్‌లైన్లో ఉచితం. ఏజెంట్లను మేం పెట్టలేదని ఖాదీ కమిషను వాళ్లే చెబుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషను కూడా ఉచితమే. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి 10 లక్షల దాకా ఇచ్చే రుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ఈ మూడూ తెలిస్తే ఏజెంటు చెప్పే మాటల్లో సగం రాలిపోతాయి.

ఇక్కడ మనసులో మాట ఒకటి చెప్పాలి. మనలో చాలామందికి బ్యాంకు మెట్లెక్కాలంటే బెరుకు. కులం సర్టిఫికెట్ బల్ల మీద పెట్టగానే అవతలి మనిషి కళ్లు ఒక్క క్షణం మారతాయి. ఆ చూపు మనందరికీ తెలుసు, నోటితో చెప్పక్కర్లేదు. అది ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా మీరు తెలుసుకోవాలి.

ఎస్టీ జాబితాలో మన పేర్లు చూడండి: ఎరుకల, కొరచ, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల. దబ్బ అంటే వెదురు బద్ద. కుంచె నేతగాళ్లు వాడే పనిముట్టు. ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. మన శాఖల పేర్లే మన వ్యాపారాల పేర్లు. తీరం నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి, అక్కడి ధాన్యం ఇక్కడికి తెచ్చిన వాళ్లు మన పూర్వీకులు. రైళ్లు వచ్చాయి, బ్రిటిష్ వాళ్ల ఉప్పు విధానం వచ్చింది, ఆ బేరం పోయింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా రాశారు. బేరం పోయి తిరుగుతున్న వాళ్ల మీద నేరస్థ జాతుల చట్టం పడింది. 1871లో ఉత్తరాదిన వచ్చిన చట్టం 1911లో మన మద్రాసు రాజధానికి వచ్చింది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. పోలీసు రిజిస్టర్లో వేలిముద్ర, ఊరు దాటాలంటే అనుమతి. ఆ చట్టం రద్దయ్యింది 1952 ఆగస్టు 31న. మన తాతల వయసులోనే.

వ్యాపారం మనకి కొత్త అనుకుంటున్న వాళ్ల కోసం ఇది చెప్పాం. తెలియంది వ్యాపారం కాదు, కాగితం. మన పేర్లు ఇతరులు కాగితం మీద రాశారు తప్ప మన లెక్క మనం రాసుకోలేదు.

సరే, అసలు పనిలోకి వద్దాం. ఒక అమ్మాయి కథ చెబుతాం. కొత్తపేట వైపు పిల్ల, మా దగ్గర పదో తరగతి దాకా చదివింది. వాళ్లమ్మ, పిన్ని తట్టలూ బుట్టలూ అల్లుతారు. ప్లాస్టిక్ తట్టలు వచ్చాక బేరం పడిపోయింది. ఈ పిల్ల ఆత్రేయపురం మీదుగా వెళ్తూ పూతరేకుల దుకాణాల ముందు ఆగిన కార్లు చూసింది. పూతరేకులు అట్టపెట్టెల్లో ఇస్తున్నారు కదా, పెళ్లిళ్లకీ సంక్రాంతికీ మనం అల్లిన వెదురు పెట్టెల్లో ఇస్తే ఎలా ఉంటుంది అనుకుంది. ఆలోచన మాకు తెగ నచ్చింది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగు వచ్చింది. అప్పటి నుంచి పెట్టె మీద ఊరి పేరుకి విలువ పెరిగింది. ఆ గుర్తింపు ఏ ఒక్క దుకాణదారుకో రాలేదు, సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న అక్కడి తయారీదారుల సంఘం పేరు మీద వచ్చింది. అదీ ఒక ప్రతిపాదనే కదండీ. ఈ వంట ఈ ఊరిదే, ఇలా చేస్తాం, ఇన్నాళ్లుగా చేస్తున్నాం అని ఆధారాలతో చూపించాలి. మా ఊరి పూతరేకులు అమృతం అని రాస్తే ఎవరిస్తారు?

అమ్మాయి మొదట రాసుకొచ్చిన కాగితంలో "నెలకు 10,000 పెట్టెలు తయారుచేసి అమ్మెదము" అని ఉంది. మా ట్యూటరు అడిగారు: "అల్లేవాళ్లు ఎంతమందమ్మా?" ఆరుగురు. "ఒక్కొక్కరు రోజుకి ఎన్ని?" పది. "నెలకి ఎన్ని రోజులు పని?" 24. ఆరు పదులు అరవై, అరవై ఇరవైనాలుగులు 1,440. మరి మిగతా 8,560 ఎవరు అల్లుతారు? పిల్ల నాలుక కరుచుకుంది. బ్యాంకు మేనేజరు మొదట వేసే లెక్క ఇదే. అక్కడ తప్పు దొరికితే తర్వాతి పేజీ తిప్పడు.

ఆ తర్వాత దుకాణాలకి పంపించాం. కాగితం, పెన్ను పట్టుకుని వెళ్లి అడిగి రమ్మన్నాం. నాలుగు దుకాణాలు తిరిగింది. పూతరేకు కాస్త ఒత్తిడి తగిలితే పొడి అయిపోతుంది కాబట్టి మూత గట్టిగా ఉండాలన్నారు. లోపల నెయ్యి అంటుతుంది, బటర్ పేపరు వేయాలన్నారు. వెదురు పీచు మిఠాయిలోకి రాలకూడదన్నారు. వానాకాలం పెట్టెకి బూజు పడితే తిరిగి ఇచ్చేస్తామన్నారు. ఆ నాలుగో మాట బంగారం. మన కోనసీమ గాలిలో తడి ఎంతో మీకు తెలుసు, ఉతికిన బట్టే ఆరదు. అందుకే ప్రాజెక్టులో వెదురు బద్దలు ఆరబెట్టే అటక ఒకటి చేరింది. ఇంట్లో కూర్చుని రాస్తే ఆ అటక రాదు.

ధర దగ్గర వాళ్లు నిర్మొహమాటంగా చెప్పారు. మామూలు అమ్మకానికి అట్టపెట్టె చాలు, మీ పెట్టె బహుమతి ప్యాకింగుకే పనికొస్తుంది, 75 రూపాయలు దాటితే వద్దు అని. దాంతో లెక్క కింద నుంచి పైకి కట్టాం. ఇవి అప్పుడు ఆ పిల్ల నోటు పుస్తకంలో రాసుకున్న ధరలు, మీవి మీరు అడిగి రాసుకోండి. వెదురు బొంగు 120, దాన్లో ఎనిమిది పెట్టెలు వస్తాయి, అంటే పెట్టెకి 15. అల్లే మనిషికి రోజుకి 350 గిట్టాలి, పది పెట్టెలు కాబట్టి పెట్టెకి 35. బటర్ పేపరు, దారం 6. రవాణా, పాడైపోయినవి 4. మొత్తం 60. అమ్మకం 75. మిగులు 15.

అల్లే కూలీ లెక్కలో వేయడం దగ్గర అమ్మాయి వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "మా ఇంట్లో వాళ్ల కష్టానికి కూలేంటమ్మా" అంది. ఇది మనందరి జబ్బు. మన ఆడవాళ్ల చేతి పనికి ధర సున్నా వేసి, లాభం చాలా ఉందని రాస్తాం. ఆరు నెలలయ్యాక అందరూ ఎందుకు అలసిపోయారో అర్థం కాదు. కూలీ తప్పకుండా వేయండి. మీ సొంత కూలీ కూడా.

ప్రాజెక్టు ఖర్చు మూడు లక్షలు వచ్చింది. బద్దలు చీల్చి నునుపు చేసే మిషన్లు 1,40,000. అటక, షెడ్డు మరమ్మతు 40,000. అచ్చులు, కత్తులు, చిన్న సామాను 20,000. చేతిలో ఆడే పెట్టుబడి లక్ష. ఆ లక్ష ఎందుకూ అంటే, దుకాణాల వాళ్లు డబ్బు నెలాఖరుకి ఇస్తామన్నారు. అంటే 1,440 పెట్టెల ఖర్చు, పెట్టెకి 60 చొప్పున 86,400, మనమే ముందు పెట్టుకోవాలి. కాస్త కలిపి లక్ష. ఇలా ప్రతి అంకె వెనక ఒక "ఎందుకంటే" ఉండాలి. మిషన్లకి దుకాణం వాళ్ల కొటేషన్లు జత చేయాలి. స్థలం ధర ప్రాజెక్టు ఖర్చులో కలపకూడదు, పీఎంఈజీపీలో అది చెల్లదు.

ఈ పథకంలో ఎస్టీలకీ, ఆడవాళ్లకీ సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. మన వాటా 5 శాతం. అమలాపురం మున్సిపాలిటీలో షెడ్డు అద్దెకి తీసుకోవాలా, పంచాయతీలో పెట్టుకోవాలా అన్నదానికి ఇదొక్కటే తేడా 30,000. ఈ అమ్మాయిది పంచాయతీ కాబట్టి సబ్సిడీ 1,05,000, సొంతం 15,000, మిగతాది అప్పు. సబ్సిడీ చేతికి రాదు, జాగ్రత్త. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. "సబ్సిడీ డబ్బుతో బండి కొంటాను" అన్నవాణ్ని ఒకణ్ని మేం ఎరుగుదుం. ఈ శాతాలు పథకం సవరించినప్పుడు మారతాయి, దరఖాస్తు చేసే వారం మళ్లీ చూసుకోండి.

తిరిగి కట్టాల్సింది 1,80,000. 11 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే కిస్తీ నెలకి సుమారు 3,900. షెడ్డు అద్దె 3,000. రెండూ కలిపి 6,900. పెట్టెకి 15 మిగులుతుంది కాబట్టి నెలకి 460 పెట్టెలు అమ్మితే ఒడ్డున పడ్డట్టు. ఈ 460 అనే అంకెని మేం పెద్ద అక్షరాలతో మొదటి పేజీలో రాయించాం. అన్నీ అమ్మితే 14,700 మిగులుతుంది. మూడో వంతు, అంటే 480 మాత్రమే అమ్ముడైతే మిగిలేది 300 రూపాయలు, అయినా కిస్తీ ఆగదు. వానల్లో, గోదావరి పొంగి లంకలు మునిగే రోజుల్లో ఏం చేస్తారని కూడా రాశాం. 2022 జులై వరద ఇక్కడ ఎవరు మర్చిపోతారు? ఆ నెలల్లో అల్లకం తగ్గించి, ముందే ఆరబెట్టిన సరుకు అటక మీద పెట్టుకుంటాం అని రాసింది. చెడ్డ రోజుల గురించి రాస్తే ఇవ్వరేమో అని మన పిల్లలు భయపడతారు. మా అనుభవంలో చెడ్డ రోజుల పేజీనే ఎక్కువసేపు చదువుతారు.

అయినా మొదటిసారి వెనక్కి వచ్చింది. కారణం వ్యాపారం కాదు, పేరు. పదో తరగతి మెమోలో ఇంటి పేరుంది, ఆధార్లో లేదు, కులం సర్టిఫికెట్లో తండ్రి పేరు ఇంట్లో పిలిచే పేరుతో ఉంది. సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగారు. సంక్రాంతి ముందు దొరకాల్సిన డబ్బు దొరకలేదు. ఇది విన్న వాళ్లెవరైనా ఉంటే ఈ రాత్రే ఇంటికెళ్లి మీ నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. యానాది పేటల నుంచి వచ్చిన పిల్లలైతే ఇంట్లో అందరివీ చూడండి, కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లకి పుట్టిన తేదీ కూడా ఎక్కడా సరిగ్గా ఉండదు.

ఆ పండక్కి వాళ్లమ్మ చెవి దిద్దులు తాకట్టు పెట్టి వెదురు కొంది. మాకు తర్వాత తెలిసింది, తెలిస్తే వద్దనేవాళ్లమేమో. అమ్మా, పిన్నీ కలిసి 17 రోజులు రోజుకి పదేసి చొప్పున అల్లారు. 340 పెట్టెలు. అన్నీ పోయాయి, 25,500 వచ్చాయి. అమ్మాయి తెలివైన పనేంటంటే, ఏ దుకాణం ఎన్ని తీసుకుందో, ఎప్పుడు డబ్బిచ్చిందో సంతకాలతో రాసి పెట్టుకుంది. రెండోసారి దరఖాస్తుకి ఆ పేజీలు జత చేశాం. మేనేజరు మేం కష్టపడి రాసిన మిగతా పేజీలు పక్కన పెట్టి ఆ సంతకాల పేజీలే చదివారట. మూడు లక్షలు ఇవ్వలేదు, రెండిచ్చారు. నునుపు చేసే మిషను కొట్టేసి, "ముందు చేత్తో చేయండి, ఏడాది తర్వాత చూద్దాం" అన్నారు. మాకు చిన్నబుచ్చినట్టు అనిపించింది కానీ, అమ్మాయి మాత్రం కిస్తీ తగ్గిందని సంతోషించింది. దిద్దులు విడిపించారు.

ఇక పథకాల జాబితా చదవమని చీటీ పంపారు. జాబితా చదివితే నిద్రొస్తుంది, రెండు మూడు మాటలు చెబుతాం. మనది మైదానం, షెడ్యూల్డు ప్రాంతం కాదు. రంపచోడవరం ఐటీడీఏ, 1956 నుంచి ఉన్న జీసీసీ కొనుగోళ్లు, అటవీ ఉత్పత్తుల కోసం 300 మంది సభ్యులతో పెట్టే వన్‌ధన్ కేంద్రాలు, ఇవన్నీ ప్రధానంగా కొండ మీది అన్నదమ్ముల కోసం ఏర్పడినవి. అరకు కాఫీకి 2019లో జీఐ వచ్చిందని మనమూ చేసేద్దాం అంటే కుదరదు, వాళ్ల వెనక ఉన్న వ్యవస్థ వేరు, మన అడవి కొబ్బరి తోటే. మనకి దగ్గరి దారి ట్రైకారు, జిల్లా పరిశ్రమల కేంద్రం, బ్యాంకు. 2022లో జిల్లా వేరయ్యాక ప్రతి సంతకానికీ కాకినాడ పరుగెత్తే బాధ తగ్గింది. జాతీయ ఎస్టీ ఆర్థిక సంస్థ వాళ్ల ఆదివాసీ మహిళా సశక్తీకరణ్ యోజనలో రెండు లక్షల దాకా యూనిట్‌కి 4 శాతం వడ్డీకే అప్పు ఉంది, ఆడపిల్లలు అడగండి. పందుల పెంపకంలో ఉన్న కుటుంబాలు జాతీయ పశుసంపద మిషన్ గురించి అడగండి. అందులో సగం సబ్సిడీ ఉంది కానీ యూనిట్లు పెద్దవి, స్థలం చూపించాలి. నాలుగు పందులున్న ఇంటికి అది సరిపడదు. వెదురు సంగతి ఒకటి: 2017 సవరణతో అడవి బయట పెంచిన వెదురు చట్టం దృష్టిలో చెట్టు కాదు, మీ గట్టు మీద మీరు వేసుకుని కొట్టుకోవడానికి అటవీ శాఖ పర్మిట్ అక్కర్లేదు. మూడు నాలుగేళ్లు ఆగగలిగితే బొంగుకి 120 పెట్టే పని తప్పుతుంది.

గ్రాంటు వేరు. అది తిరిగి కట్టక్కర్లేదు కాబట్టి తేలిక అనుకుంటారు. తేలిక కాదు. గ్రాంటు మనిషికి రాదు, రిజిస్టరైన సంఘానికి వస్తుంది. మన సంఘం ఇన్నేళ్లుగా వేడుకలు చేస్తోంది, బ్రహ్మాండంగా చేస్తోంది. పెద్దలు ఏమీ అనుకోకపోతే అడుగుతాం, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉన్నాయా? ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న అదే. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ స్వచ్ఛంద సంస్థలకిచ్చే గ్రాంటు మామూలుగా 90 శాతం, మిగతా 10 మనమే పెట్టుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతంలో అయితే ఆ పదీ అక్కర్లేదు, మనది మైదానం కాబట్టి తప్పదు. సాంస్కృతిక శాఖ కార్యక్రమాలకిచ్చే సాయంలో ఖర్చులో 75 శాతం దాకానే వస్తుంది.

కంపెనీల సీఎస్ఆర్ డబ్బు గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. అడగాల్సిందే. మన కాళ్ల కింద నుంచి గ్యాసు తీస్తున్న సీమ ఇది. పాశర్లపూడి మంట, నగరం పైపులైను ఘోరం చూసిన సీమ. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. కానీ కోపంతో రాసిన ఉత్తరానికి ఆ డబ్బు రాదు. సీఎస్ఆర్-1 అనే నమోదు ఉండాలి, దానికి ముందు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. సంఘంలో బీకామ్ చదివిన వాళ్లు ముగ్గురున్నారని విన్నాం. ఈ పని వాళ్లకి అప్పగించి, వచ్చే ఏడాది సావనీర్‌లో ఎక్కడిదాకా వచ్చిందో రాయించండి.

డబ్బు వచ్చాక వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, మా ఆఫీసు భాషలో యూసీ. అది ఇవ్వని సంస్థకి రెండో విడత రాదు. బ్యానరు 2,000 అని రాసి 1,200 పెడితే మిగతా 800 ఏమైందో చెప్పాలి. బిల్లు లేని టీ ఖర్చు కూడా ఓచరు రాసి సంతకం పెట్టించండి. హాస్టల్లో పాల లెక్క తేడా వస్తే మా ప్రాణం ఎలా పోతుందో మాకే తెలుసు, అందుకే ఇంత నస పెడుతున్నాం.

మా ట్రస్టు సంగతి మధ్యలో వదిలేశాం కదా. మళ్లీ రాశాం, మూడు పేజీలు. కష్టాల చరిత్ర అయిదు లైన్లు. గది కొలతలు, బల్లలు, మిషన్ల కొటేషన్లు, ఏ రోజు ఏ తరగతి పిల్లలు కుట్టు నేర్చుకుంటారో, నేర్పేదెవరో, ఏడాది చివర ఏం చూపిస్తామో. గది రాలేదు. మిషన్లు నాలుగూ వచ్చాయి. మీలో కొందరు యూనిఫాం చిరుగులు వాటి మీదే కుట్టుకున్నారు, గుర్తుందో లేదో.

సెలవుల్లో తప్ప ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నుంచి మేం హాస్టల్ భోజనాల హాల్లో ఉంటాం. వ్యాపారం ఆలోచన ఉన్నవాళ్లు రండి. వచ్చేటప్పుడు ఆధార్, పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం, నాలుగూ తెచ్చుకోండి. మీరు అమ్మదలచుకున్న సరుకు గురించి కనీసం నలుగురు కొనేవాళ్లని అడిగి, వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకుని రండి. ఆ కాగితం లేకుండా వస్తే టీ ఇచ్చి పంపించేస్తాం, రిపోర్టు మాత్రం మొదలుపెట్టం.